ఆఫీసరమ్మకు పసుపు కుంకుమ

అమెరికా ప్రభుత్వ కార్యాలయాన్ని ఒక్క జాకెట్ ముక్కతో ఖాళీ చేయించిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా అని మీకెప్పుడైనా అనుమానం వస్తే, ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. వర్జీనియాలో ఆష్‌బర్న్, మా వీధిలో చివరి ఇల్లు. తలుపు కొడితే నేనే తీస్తాను. తీయగానే "ఎవరు కావాలి?" అని కసురుకుంటాను. మీరేమీ అనుకోకండి, నా మామూలు గొంతే అంత.

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నా భార్య సుజాత పెళ్ళైన తొలి వారంలోనే కనిపెట్టింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం మీద కోపం, తొక్క సరిగ్గా ఊడని అరటిపండు మీద కోపం, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని చెప్పి అరగంట సేపు సంగీతం వినిపించే కంపెనీల మీద మరీ కోపం. అయినా ఇన్నేళ్ళలో కోపం వల్ల నాకు పైసా నష్టం జరగలేదు. నా కొంప మునిగింది జీవితంలో ఒకే ఒక్కసారి, ఓ ఐదు నిమిషాలు కోపం మాని మర్యాదగా ప్రవర్తించినందుకు. ఆ ఐదు నిమిషాల కథే ఇది.

అసలు నేను సిటిజన్‌షిప్‌కి అప్లై చేసిందే కోపంతో. జనం మామూలుగా ఈ దేశం మీద ప్రేమతో చేస్తారు, లేదా వీసా లైన్లలో నిలబడే ఓపిక చచ్చిపోయి చేస్తారు. గ్రీన్‌కార్డ్ వచ్చి ఎన్నేళ్ళయినా నేను మాత్రం కదల్లేదు. ఎవరైనా అడిగితే "నా పాస్‌పోర్ట్ మీద సింహాలున్నాయి, వాటిని వదిలేది లేదు" అని గర్జించేవాణ్ణి. ఆ పాస్‌పోర్ట్ ఏ సొరుగులో ఉందో మాత్రం సుజాతనే అడగాలి.

మా ఇంటి వెనక ఒక చెట్ల తోపు ఉండేది. అందులోంచి జింకలు వచ్చి మా గోంగూర తినేసి పోయేవి. వాటి మీద కూడా నాకు కోపమే అనుకోండి, కానీ జింకలు చప్పుడు చేయవు. ఒకరోజు ఆ తోపు ముందు బోర్డు పాతారు, చెట్లు కొట్టేసి డేటా సెంటర్ కడతామని. డేటా సెంటరంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెప్తున్నాను. అది కిటికీలు లేని కొండంత పెట్టె. లోపల కంప్యూటర్లు, పైన ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లు రాత్రనక పగలనక "ఊఁ..." అని మూలుగుతూనే ఉంటాయి. మా ఊళ్ళో మనుషుల కంటే ఈ పెట్టెలే ఎక్కువేమోనని నా అనుమానం.

కౌంటీవాళ్ళు, అంటే మన జిల్లా పరిషత్తు లాంటివాళ్ళు, దీని మీద ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికి మీటింగ్ పెట్టారు. నేను వెళ్ళి మైకు పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. దిగి వచ్చి కూర్చోగానే వెనక వరసలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ముందుకు వంగాడు.

"మీరు ఇక్కడ ఓటరా?"

"కాదు. గ్రీన్‌కార్డ్. కానీ టాక్స్ కడతాను, ఇల్లుంది, ఇక్కడే..."

"ఓటు లేదా? అయితే ఇంత కష్టపడి ఎందుకరిచారు?"

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కిన మంట దిగలేదు. ఎందుకంటే ఆయన అన్నది నిజం.

బయటకొస్తుంటే మెట్ల దగ్గర ఒకావిడ నన్ను ఆపింది. రిటైరైన స్కూలు టీచరు. రాబోయే నవంబరులో కౌంటీ బోర్డుకి పోటీ చేస్తోంది, గెలిస్తే ఆ డేటా సెంటర్ ఆపుతానంటోంది. ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలుస్తాను.

"చాలా బాగా అరిచారండీ," అంది. "కానీ నాకు అరుపులతో పని జరగదు, ఓట్లతో జరుగుతుంది. ఎన్నికలోగా మీరు సిటిజన్ కాగలరా?"

"చూస్తూ ఉండండి," అన్నాను పళ్ళు నూరుతూ. ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని అప్లికేషన్ పంపేశాను.

సుజాత వెనక నిలబడి చూసింది. "మరి మీ సింహాలో?"

"వెనక ఆ మూలుగు మొదలైతే వాటికి మాత్రం నిద్రపడుతుందా?" అని అరిచాను.

నెలలు గడిచాయి. చివరికి అక్టోబరులో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మాకు చెప్పిన పద్ధతి ఏమిటంటే, పొద్దున ఇంటర్వ్యూలో పాసైనవాళ్ళకు మధ్యాహ్నం అదే బిల్డింగ్‌లో ప్రమాణం చేయిస్తారు. ప్రమాణం చేస్తే సిటిజన్, సిటిజన్ అయితే ఓటు. ఎన్నిక మూడు వారాల్లోకి వచ్చేసింది. ఆ రోజు తప్పితే మళ్ళీ పిలుపు ఎప్పుడో ఎవరికీ తెలియదు. అంటే ఆ ఒక్క రోజు సవ్యంగా జరిగితేనే నా ఓటు టీచరమ్మకు పడుతుంది. లేకపోతే ఆ టోపీ మనిషి అన్నట్టు నేను ఉత్త అరుపుని.

సుజాత కూర తరుగుతూ నాకు ప్రశ్నలు అప్పజెప్పించేది.

"ప్రెసిడెంట్ చచ్చిపోతే ఎవరు ప్రెసిడెంట్ అవుతారు?"

"వైస్ ప్రెసిడెంట్!"

"అరవకండి."

"అరవట్లేదు!"

"ఇప్పుడు అరిచారు. ఏమండీ, నేను మీ పెళ్ళాన్ని కాబట్టి చెల్లుతోంది. అక్కడ చెల్లదు. ఒక్క రోజు, మీకు దణ్ణం పెడతాను, ఒకే ఒక్క రోజు ఆ మొహమ్మీద కాస్త నవ్వు పెట్టుకోండి. వాళ్ళతో మంచిగా ఉండండి."

చదువుకున్న ఆడది, నా మంచి కోరే మనిషి, ఇలాంటి ప్రమాదకరమైన సలహా ఇస్తుందని నేనెలా ఊహిస్తాను?

ఇంతలో ఇంకో సంగతి. అవి నవరాత్రులు. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. శుక్రవారం పేరంటానికని డైనింగ్ టేబుల్ నిండా సంచులు వరసగా పేర్చారు. ఒక్కో సంచిలో ఒక జాకెట్ ముక్క, రెండు అరటిపళ్ళు, తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ. మన ఊళ్ళో అయితే పసుపు కుంకుమ పొట్లాలు కట్టి ఇస్తారు. ఇక్కడ మన ఆడవాళ్ళంతా అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ జిప్ కవర్లు కొని వాటిలో పోస్తారు. అంత చిన్న కవర్లలో పొడులు పోసి చాటుగా అమ్మేవాళ్ళు అమెరికాలో ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా అత్తగారికి తెలియదు.

నేను సూటు వేసుకుని బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డారు. చేతిలో ఒక గుడ్డసంచి.

"అల్లుడుగారూ, అక్కడ మిమ్మల్ని ప్రశ్నలడిగేది మగాయనా, ఆడమనిషా?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"ఆడమనిషైతే ఇది ఆవిడ చేతిలో పెట్టండి. మగాయనైతే వెనక్కి పట్రండి."

"అత్తయ్యగారూ, నేను వెళ్ళేది గవర్నమెంట్ ఆఫీసుకి. పేరంటానికి కాదు!"

"గవర్నమెంట్ ఆఫీసులో ఉన్నంత మాత్రాన ఆడవాళ్ళు ఆడవాళ్ళు కాకుండా పోతారా? నవరాత్రుల్లో ఓ ఆడకూతురు మన పని కోసం మన ఎదురుగా కూచుంటే ఉత్తచేతుల్తో లేచొచ్చేస్తారా? అమ్మవారు చూడట్లేదనుకున్నారా?"

నేను కోపంగా సంచి టేబుల్ మీద పెట్టేశాను. ఆవిడ అంతకంటే కోపంగా తీసి మళ్ళీ నా చేతిలో పెట్టారు. మా ఇద్దరిదీ ఒకటే జాతి కోపం, అందుకే మాకు పడదు. సుజాత కారు తాళాలు ఊపుతూ "తీసుకెళ్ళి కార్లో పడెయ్యండి, వాదిస్తే లేటవుతుంది," అంది. అది నచ్చింది. నిజంగా కార్లోనే వదిలేద్దామనుకున్నాను. తీరా అక్కడ పార్క్ చేసి చూసుకుంటే నా ఫైలు కూడా ఆ సంచిలోనే ఉంది. "అన్నీ ఒకచోట ఉంటే మర్చిపోరు" అని మా అత్తగారే సర్దేశారట. లేటవుతోందన్న కంగారులో విడదీయాలని తోచక సంచితో సహా లోపలికి నడిచాను.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచిని మెషీన్లో పెట్టి తెర మీద చూశాడు.

"అరటిపళ్ళా?"

"అవును."

"లోపల తినకండి," అని వదిలేశాడు. అంత పెద్ద దేశపు భద్రత అరటిపళ్ళ దగ్గర ఆగిపోయింది.

నన్ను పిలిచింది ఆడ ఆఫీసరే. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, బల్ల మీద చిన్న పూలకుండీ. చూడగానే మంచి మనిషనిపించింది. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే, నేను నా తెలుగులో చెప్పుకొస్తున్నాను. సుజాతకిచ్చిన మాట ప్రకారం నవ్వుతూ కూర్చున్నాను. అలవాటు లేని కండరాలు, రెండు బుగ్గలూ పీకేస్తున్నాయి.

ప్రెసిడెంటు ప్రశ్నలన్నీ అయ్యాయి. తర్వాత నా స్వభావం మీద ప్రశ్నలు.

"ఎప్పుడైనా ఎవరినైనా హింసించారా?"

"లేదు మేడమ్," అన్నాను. సుజాతనడిగితే వేరే జవాబు వచ్చేది.

"బలప్రయోగంతో ఫెడరల్ ప్రభుత్వాన్ని కూలదోయాలని ఎప్పుడైనా అనుకున్నారా?"

"ఫెడరల్ ప్రభుత్వాన్నా? లేదు మేడమ్." కౌంటీ సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆవిడ ఏదో టైప్ చేసి కళ్ళజోడు తీసి నవ్వింది. "కంగ్రాచులేషన్స్ సర్. మీరు పాసయ్యారు. మధ్యాహ్నం పై అంతస్తులో ప్రమాణం. సాయంత్రానికి మీరు అమెరికన్."

ఒట్టేసి చెప్తున్నాను, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ దేశంలో నేను నిలబడ్డ ప్రతి కౌంటరూ ఇంకో కాగితం తెమ్మని వెనక్కి పంపిందే. ఒక ఆఫీసులో ఒక మనిషి నా మొహం చూసి సంతోషంగా నవ్వడం అదే మొదటిసారి. కోపం మొత్తం దిగిపోయింది. ఇంత మంచి ఆడకూతుర్ని ఉత్తచేతుల్తో వదిలేసి పోవాలా అనిపించింది. మా అత్తగారు అన్నదే కరెక్టనిపించింది. మా అత్తగారు కరెక్టని నాకనిపించిందంటే నా పరిస్థితి ఎంత విషమించిందో మీరే అర్థం చేసుకోండి.

ఫైలు తీసి చంకలో పెట్టుకుని సంచి బల్ల మీద పెట్టాను. "మేడమ్, ఇది మీకు."

"సారీ సర్, మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు."

"ఇది గిఫ్ట్ కాదు మేడమ్! మా సంప్రదాయం. ఈ పండగ రోజుల్లో ఆడవాళ్ళందరికీ ఇస్తాం."

"చాలా సంతోషం. అయినా కుదరదు." నవ్వుతూనే అంది. "ఇంతకీ ఏముంది అందులో?"

చూశారా, అక్కడ "అరటిపళ్ళు" అని చెప్పి లేచి రావచ్చు. సెక్యూరిటీ అతనికి సరిపోయిన జవాబు ఆవిడకూ సరిపోయేది. నేను మర్యాదస్తుణ్ణి కదా, పూర్తి వివరం ఇవ్వాలనుకున్నాను.

"జస్ట్ ఎ పీస్ ఆఫ్ క్లాత్," అన్నాను, "అండ్ సమ్ పౌడర్."

ఆ వాక్యం ఇంకోసారి చదవండి. ఒకప్పుడు ఎవరో ఉత్తరాల్లో విషప్పొడి పోసి ఆఫీసులకు పంపిన దేశంలో, ఫెడరల్ ఆఫీసులో, ఆఫీసరు ముందు, ఇప్పుడే పాసైన ఒక విదేశీయుడు నవ్వుతూ అన్న మాట అది.

ఆవిడ చేతులు కీబోర్డ్ మీదే ఆగిపోయాయి. "ఏం పౌడర్ సర్?"

"రెండు రకాలు!" అన్నాను ఉత్సాహంగా.

ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా సర్దుకుంది. భయపడుతోందని నాకర్థమైంది. భయం పోగొడదామని పసుపు కవరు తీసి ఆవిడ ముందే తెరవబోయాను. మా అత్తగారు జిప్ నొక్కితే అది మామూలుగా తెరుచుకోదు. గట్టిగా లాగాను. కవరు ఫట్‌మని చిరిగింది. కీబోర్డ్, పూలకుండీ, ఆవిడ తెల్ల కోటు చెయ్యి, నా ఫైలు, సమస్తం పసుపు పచ్చగా అయిపోయాయి.

ఆవిడ లేచి గోడకు ఆనుకుంది.

"నో ప్రాబ్లమ్ మేడమ్! ఆరోగ్యానికి మంచిది!" అంటూ చూపుడు వేలు దానిలో ముంచి నాలుక మీద రాసుకున్నాను. "చూడండి, నేను తింటున్నాను."

"సర్, దయచేసి అది తినడం ఆపండి."

"ఏం కాదు మేడమ్, రోజూ తింటాం!"

"ఆ ఎర్రది?"

"అది తినకూడదు," అన్నాను. నిజాయితీ నా జబ్బు.

"తింటే ఏమవుతుంది?"

"తెలియదు. ఇంతవరకూ ఎవరూ తినలేదు."

ఆవిడ చెయ్యి బల్ల కిందకి వెళ్ళింది. అక్కడ ఒక బటన్ ఉంటుందట.

ఆ తర్వాత అలారాలతో బిల్డింగ్ మొత్తం కుయ్యోమంది. అందరినీ ఉన్నవాళ్ళను ఉన్నట్టు బయటకు పంపేశారు. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు, ప్రమాణానికి వచ్చినవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, ఆఫీసు సిబ్బంది, అందరూ పార్కింగ్ లాట్‌లో నిలబడ్డారు. కోట్లు లోపలే ఉండిపోయాయి. పైగా గాలి కోసేస్తోంది. పట్టుచీరలు, కొత్త సూట్లు, చేతుల్లో చిన్న చిన్న జెండాలు. ఆ జెండాలు కూడా చలికి వణుకుతున్నట్టే ఉన్నాయి. రెండు ఫైరింజన్లు వచ్చాయి. తెల్లటి సంచీల్లాంటి బట్టలు తొడుక్కుని, మొహాలకు ముసుగులు వేసుకుని కొందరు లోపలికి వెళ్ళారు, తెనాలి పసుపు పట్టుకోవడానికి.

నా వివరాలన్నీ రాసుకుని, ఒక సెక్యూరిటీ అతను లాట్ చివర దీపస్తంభం దగ్గర నన్ను నిలబెట్టాడు. "ఇక్కడి నుంచి కదలకు," అన్నాడు. కదల్లేదు. కానీ ఎంత దూరాన నిలబెట్టినా తెలుగువాళ్ళు తెలుగువాళ్ళను కనిపెట్టకుండా ఉంటారా? ఓ కుర్ర జంట తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి పట్టుచీర కొంగు భుజాల చుట్టూ బిగించి కప్పుకుంది, పెదాలు నీలం తిరిగాయి.

"అంకుల్, తెలుగేనా మీరు?" అన్నాడు అబ్బాయి. "ఏమైందంట లోపల? ఎవరూ చెప్తలేరు."

"ఎవడో ఏదో పౌడర్ తెచ్చాడట," అన్నాను. గమనించండి, అబద్ధం చెప్పలేదు.

"పౌడరా? ఎవడంకుల్ వాడు, దిమాగ్ ఉందా వానికి? పొద్దున ఇంటర్వ్యూ పాసైనం. మధ్యాహ్నం ఓత్ ఉండె. ఇప్పుడు అన్నీ క్యాన్సిల్ అంటున్నరు. మళ్ల ఎప్పుడు పిలుస్తరో ఏమో."

"ఈసారన్నా ఓటేద్దామనుకున్నం," అంది ఆ అమ్మాయి వణుకుతూ. "మాది ఆష్‌బర్న్ అంకుల్. మా గల్లీ ఎనక డేటా సెంటర్ కడతరంట. ఆపుతానని ఒక టీచర్ నిలబడ్డది కదా, ఆమెకు ఏద్దామని."

నా ఒక్క ఓటే కాదు, టీచరమ్మకు ఇంకో రెండు ఓట్లు పోయాయని లెక్క కట్టుకున్నాను.

"ఇక్కడున్నోళ్ళు చానామంది మన కౌంటీ వాళ్ళే అంకుల్," అన్నాడు అబ్బాయి జనం వైపు చెయ్యి చూపిస్తూ. "అందరి నోట్లో మట్టి కొట్టిండు."

ఇలాంటప్పుడు మంచివాళ్ళు తల దించుకుంటారు. నాకు తప్పు చేశానని తెలిసేకొద్దీ కోపం పెరుగుతుంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ పౌడర్ తెచ్చినవాడి మీదే చూపించాను.

"అసలు ఇలాంటి వెధవలను లోపలికి ఎలా రానిస్తారు?" అని అరిచాను. "బుద్ధుండక్కర్లేదా? ఎక్కడికెళ్తున్నాం, ఏం పట్టుకెళ్తున్నాం అనే ఆలోచన ఉండక్కర్లేదా? ఇంతమంది ఉసురు పోసుకున్నాడు! ఇలాంటివాడికి సిటిజన్‌షిప్ ఇస్తే రేపు ఈ దేశం ఏమైపోవాలి? వాడు గనక నా కంటబడితే..." చూపుడు వేలు గాల్లో ఆడిస్తూ ఊగిపోతున్నాను.

ఆ అమ్మాయి నా మాటలు వినడం మానేసి నా వేలే చూస్తోంది.

"అంకుల్," అంది మెల్లగా, "మీ వేలేంది, పసుపు పచ్చగుంది?"

వేలు జేబులో దాచుకున్నాను.

"నాలుక గూడ," అంది.

నోరు మూసుకున్నాను. అబ్బాయి ఒకసారి నన్ను, ఒకసారి ఫైరింజన్‌ను, మళ్ళీ నన్ను చూశాడు.

"మీరేనా అంకుల్?"

"మా అత్తగారు," అన్నాను. ఏ దేశపు కోర్టులోనూ నిలవని జవాబు అది.

"పసుపా? పసుపు కుంకుమా?" అంది ఆ అమ్మాయి. "ఆఫీసర్‌కు పసుపు కుంకుమ ఇచ్చి, పౌడర్ అని చెప్పిండ్రా?"

"జాకెట్ ముక్క కూడా," అన్నాను. ఇంక దాచేదేముంది?

అబ్బాయి పిడికిళ్ళు బిగించి ఆకాశం వైపు చూశాడు. "పెద్దోళ్ళు కాబట్టి ఏమనలేకపోతున్న అంకుల్," అన్నాడు. "లేకపోతే వేరే ఉండేది." ఇద్దరూ నా దగ్గర్నుంచి వెళ్ళిపోయారు. వెళ్ళి జనంలో నలుగురికి చెప్పారు. ఆ నలుగురు ఇంకో నలుగురికి చెప్పారు. ప్రపంచంలోని నానా దేశాలవాళ్ళు ఒక్కసారిగా దీపస్తంభం వైపు తిరిగి నన్ను చూశారు. అందరికీ నా మీద కోపం. జన్మంతా లోకం మీద కోప్పడ్డవాణ్ణి, లోకం తిరిగి కోప్పడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చాలా చలిగా ఉంటుంది.

ఆఫీసులోని పెద్దాయన వచ్చి నన్ను పక్కకు తీసుకెళ్ళేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

"అది పసుపేనని తేలింది," అన్నాడు అలసటగా. "నా భార్య దీన్నే పాలలో కలిపి తాగుతుంది. కానీ రూల్ రూలే. ఈరోజు ప్రమాణాలన్నీ రద్దు. ఇప్పుడు ఒక్క మాట చెప్పండి. మా ఆఫీసరుకు మీరు లంచం ఇవ్వబోయారా?"

"లంచమా?" అని నేను అరిచిన అరుపుకి ఫైరింజన్ దగ్గరున్న వాళ్ళు తిరిగి చూశారు. "రెండు అరటిపళ్ళతోనా? నా మొహం చూస్తే లంచాలిచ్చేవాడిలా కనిపిస్తున్నానా? పొద్దున్నుంచి నవ్వి నవ్వి నా బుగ్గలు పడిపోయాయి, నా ఓటు పోయింది, జనం నన్ను కొట్టేలా ఉన్నారు, పైగా లంచమా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "లంచం ఇచ్చేవాడు ఇలా మాట్లాడడు," అని ఏదో రాసుకున్నాడు. "మళ్ళీ పిలుస్తాం. ఇవి తీసుకెళ్ళండి." ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి జాకెట్ ముక్క, చిరగని కుంకుమ కవరు, అరటిపళ్ళు నా చేతిలో పెట్టాడు. మళ్ళీ చెప్తున్నాను, ఆ రోజు నన్ను కాపాడింది నా కోపమే.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. సుజాత తల పట్టుకుని కూర్చుండిపోయింది. మా అత్తగారు మాత్రం మొత్తం విని, ఆ సీలు సంచి చూసి, గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"ఇచ్చిన పసుపు కుంకుమ వెనక్కి తెచ్చారా! ఎంత అపచారం! ఆవిడ భర్తకేమన్నా అయితే?"

"ఆవిడకి భర్తున్నాడో లేడో నాకేం తెలుసండీ?"

"అడగలేదూ?" ఆవిడ గొంతు వీధి చివరకు వినిపించి ఉంటుంది. "ముత్తైదువా కాదా అని అడక్కుండానే ఇచ్చారా? సుజాతా, విన్నావటే? ఈయన అడగనైనా అడగలేదట!"

అమెరికా ప్రభుత్వం నన్ను క్షమించింది. మా అత్తగారు ఇప్పటికీ క్షమించలేదు.

ఎన్నిక రోజున నేను మా లైబ్రరీ ముందు పోలింగ్ లైను పక్కన టీచరమ్మ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్ళే హక్కు లేదు. వెళ్ళేవాళ్ళందరినీ చూస్తూ కోపంతో ఉడికిపోయాను. తర్వాత వారం మాకందరికీ మళ్ళీ పిలుపొచ్చింది, ప్రమాణం చేశాం, జెండాలు ఊపాం. ఆ కుర్ర జంట నాకు బాగా దూరంగా కూర్చుంది. అప్పటికే ఫలితం వచ్చేసింది. టీచరమ్మ ఓడిపోయింది. ఎన్ని ఓట్ల తేడా అంటారా? ఆ రోజు పార్కింగ్ లాట్‌లో చలికి వణుకుతూ నిలబడ్డవాళ్ళలో మా కౌంటీవాళ్ళందరినీ తీసుకెళ్ళి ఓటేయిస్తే టీచరమ్మ గెలిచి, పైన ఇంకో ఇద్దరు ముగ్గురు మిగిలేవారు. ఒక్క ఓటుతో ఆవిణ్ణి గెలిపిద్దామని బయల్దేరిన నేను, అన్ని ఓట్లతో ఆవిణ్ణి ఓడించి వచ్చాను. చెట్లు కొట్టేశారు. పెట్టె లేచింది. ఇది రాస్తుంటే కూడా వెనక నుంచి "ఊఁ..." అంటోంది.

కాబట్టి ఇప్పుడు నేను కుడిచెయ్యి పైకెత్తి, దీన్ని చదువుతున్న మీరందరూ సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయాలలో చిరునవ్వును, సౌజన్యాన్ని, కృతజ్ఞతను, సమస్త విధములైన మర్యాదలను నేటి నుంచి సంపూర్ణంగా, శాశ్వతంగా త్యజిస్తున్నాను. స్వదేశీ విదేశీ శత్రువులందరి నుంచి నా కోపాన్ని కాపాడుకుంటాను. ఆఫీసరు ఆడదైనా మగవాడైనా, కంగ్రాచులేషన్స్ చెప్పినా కన్నీళ్ళు పెట్టించినా, ఏ సంచీ తెరవను, ఏ పొడీ నాకను. ఈ ప్రమాణాన్ని స్వేచ్ఛగా, ఎవరి బలవంతమూ లేకుండా, మా అత్తగారు పక్కగదిలో ఉన్నారు కాబట్టి గొంతు బాగా తగ్గించి చేస్తున్నాను.